హెలికాప్టర్ తలకిందులవుతుందా అవ్వదా? పులస పందెం మీద ఉన్నానండి, కాస్త తేల్చండి బాబూ

లంక_కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. విషయం చిన్నదే గానీ మా ఇంట్లో పెద్దదైపోయింది. మొన్న ఆదివారం ముమ్మిడివరం దగ్గర అమ్మమ్మగారింటికి వెళ్ళాం, సాయంత్రం డాబా మీద కూర్చునుంటే చమురు రిగ్గులకి వెళ్ళే హెలికాప్టర్ ఒకటి కొబ్బరి తోటల మీంచి పోయింది, మాకదేం వింత కాదు, చిన్నప్పట్నుంచీ దానికి టాటాలు చెప్పి చెప్పి చేతులు నొప్పెట్టినోళ్ళమే. మా అబ్బాయి (ఆరో క్లాసు) మాత్రం "ఇదేంటి నాన్నా ఇంత బుద్ధిగా పోతుంది, సారంగ్ వాళ్ళవైతే (ఎయిర్ ఫోర్సు హెలికాప్టర్ల విన్యాసాల టీమ్) డాన్స్ చేస్తాయి, ఫారిన్‌లో కొన్నైతే తలకిందులు కూడా అయిపోతాయి" అన్నాడు. అంతే, మా మావయ్య పట్టుకున్నారు.

ఆయన వాదన ఏంటంటే, "ఒరేయ్, సీలింగ్ ఫ్యాను గాలి కిందకి కొడుతుంది కదా, దాన్నే తిరగేసి పెడితే పైకి కొడుతుంది, హెలికాప్టర్ తిరగబడిందంటే దాని ఫ్యానే దాన్ని నేలకేసి తోస్తుంది, ఇంక లేవడమేంటి, బొక్కబోర్లా పడటమే". నాకు ఎదురు చెప్పడానికి పాయింటు దొరకలేదు గానీ వాడు నా మొహం చూస్తుంటే ఊరుకోలేక "అవుతుంది మావయ్యా, పందెం" అనేశా. వచ్చే సీజన్లో పులస, పెద్దది, గుడ్డుతో ఉన్నది. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారు గానీ మా ఆవిడ పుస్తెల మీద చెయ్యేస్తే పులస పులుసు కాదు, నా పులుసు పెడుతుంది.

యూట్యూబ్‌లో ఒక వీడియో చూపించా, హెలికాప్టర్ గడ్డి మీద రెండడుగుల ఎత్తులో తలకిందులుగా నిలబడి గింగిరాలు తిరుగుతుంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసి "గ్రాఫిక్స్" అన్నారు.

రెండో ప్రశ్న, వాణ్ణి ఒకసారి సారంగ్ షోకి లైవ్‌గా తీసుకెళ్దామని ఉంది, మనకి దగ్గర్లో ఎక్కడ, ఎప్పుడు? తెలిసినోళ్ళు చెప్పండి.

భీమారం_రొయ్యలు:

గురువుగారూ ఎవరు గెలిచినా వండే రోజు మాత్రం అడ్రస్ పెట్టండి, చించినాడ బ్రిడ్జి దాటితే మీ ఇల్లే 😀 నా ఓటు మావయ్యకే, ఫ్యాను లాజిక్‌కి తిరుగు లేదు.

మాజీ_ఎయిర్‌మన్:

నేను ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్ళు హెలికాప్టర్ల మీద టెక్నీషియన్‌గా చేసి ఇప్పుడు రాజోలు దగ్గర కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటున్నానండి. సారంగ్ టీమ్‌లో లేను గానీ చేతక్‌లూ ధ్రువ్‌లూ రెండిటి మీదా పని చేశా.

ముందుగా ఆ వీడియో. గ్రాఫిక్స్ కాదు, అలాగని అసలు హెలికాప్టరూ కాదు. అది ఆర్‌సీ మోడల్, రిమోట్‌తో ఆడించే బొమ్మ. దాని రెక్కల వాలు ప్లస్‌లోకి ఎంత తిరుగుతుందో మైనస్‌లోకీ అంతే తిరుగుతుంది, అందుకని తిరగబడ్డాక కూడా గాలిని నేలకేసే కొట్టి నిలబడగలదు. మనుషులెక్కే హెలికాప్టర్‌కి మైనస్ వాలు కొంచెమే ఉంటుంది, దాంతో తలకిందులుగా ఆగి నిలబడటం కుదరదు. ఇక్కడిదాకా మీ మావయ్యగారే రైటు.

కానీ లూప్ కొట్టడం, అంటే గాల్లో నిలువుగా గుండ్రంగా ఒక చుట్టు తిరగడం, వేరండి, అది కుదురుతుంది. చిన్నప్పుడు చెంబులో నీళ్ళు పోసి చెయ్యి గిర్రున తిప్పేవాళ్ళం గుర్తుందా, చెంబు నెత్తిమీద బోర్లా ఉన్నప్పుడు కూడా చుక్క కారదు. ఇదీ అదే. పైలట్ మంచి స్పీడు మీద వచ్చి ముక్కు పైకి లాగుతాడు, లాగుతూనే ఉంటాడు, లూప్ నడినెత్తికి వెళ్ళేసరికి హెలికాప్టర్ బోర్లా ఉంటుంది, రోటర్ (పైన తిరిగే ఫ్యాను) దాన్ని నిజంగానే నేల వైపుకి లాగుతుంటుంది. మీ మావయ్య పడిపోతుంది అన్నది ఆ లాగుడు గురించే, కానీ ఆ లాగుడు లేకపోతే అది గుండ్రంగా తిరగదు, తిన్నగా అటే పోతుంది. చెంబుకి మీ చెయ్యి ఎలాగో దానికి రోటర్ అలాగ. లోపల పైలట్ సీటుకి అతుక్కునే ఉంటాడు, బెల్టుకి వేలాడడు.

మరైతే అన్ని హెలికాప్టర్లూ ఎందుకు చెయ్యవు అంటే రోటర్ తల ఎలా కట్టారన్నదాని మీద ఉంటుంది. నాయకులొచ్చినప్పుడు కాలేజీ గ్రౌండులో దిగే చిన్న హెలికాప్టర్లలో కొన్నిటికి రెండే రెక్కలుంటాయి, రాబిన్‌సన్‌లూ పాత బెల్‌లూ అలాంటివే, ఆ రెండు రెక్కలూ కలిసి ఒకే కమ్మీలాగా పిల్లలాడుకునే సీసా బల్ల టైపులో ఊగుతాయి, కింద బాడీ ఉట్టి వేలాడినట్టు వేలాడుతుంది. ఉట్టి తాడు బిగువుగా ఉన్నంతసేపే కదండీ మన మాట వినేది, ఒక్క క్షణం పైకెత్తి వదిలారనుకోండి, తాడు వదులైపోయి కుండ ఎటు తిరుగుతుందో చెప్పలేం. అలాగే ఆ హెలికాప్టర్ బరువు తేలిపోయిందా, రోటర్ మాట బాడీ వినదు, పైలట్ కంగారులో చేతిలో ఉన్న కంట్రోల్ కర్ర పక్కకి లాగితే రోటర్ తల వెళ్ళి నిలువు షాఫ్ట్‌కి కొట్టుకుంటుంది. మాస్ట్ బంపింగ్ అంటారు, గట్టిగా తగిలితే షాఫ్టే తెగిపోతుంది. అందుకే వాటితో ఈ వేషాలు నిషిద్ధం.

సారంగ్ వాళ్ళు ఎగరేసే ధ్రువ్ అలా కాదు, నాలుగు రెక్కలు, హింజ్‌లెస్ రోటర్. మీకు కొబ్బరి చెట్టు చూపించి చెప్తా, మట్ట మొదలు చెట్టుకి గట్టిగా పట్టుకుని ఉంటుంది, అక్కడ బందూ మడతా ఏమీ ఉండవు, గాలొస్తే మట్టే వంగుతుంది, మట్ట ఊగితే చెట్టు తల కూడా దాంతోపాటు కదులుతుంది. రెక్క వంగితే బాడీ వెంటనే వింటుంది, కర్ర ఇలా అంటే అలా తిరుగుతుంది. హెచ్‌ఏఎల్ (మన ప్రభుత్వ విమానాల కంపెనీ) వాళ్ళు 1984లో జర్మనీ ఎంబీబీ కంపెనీతో కలిసి ధ్రువ్ డిజైన్ మొదలెట్టారు, మొదటిసారి ఎగిరింది 1992 ఆగస్టు 20న. ఆ ఎంబీబీ వాళ్ళదే బీఓ 105 అని చిన్న హెలికాప్టరుంది, ఈ రకం రోటర్‌కి పేరు తెచ్చింది అదే, ఆస్ట్రియాలో రెడ్‌బుల్ వాళ్ళ ఫ్లయింగ్ బుల్స్ దగ్గర ఒకటుంది, లూపులూ రోల్సూ (పక్కకి గిర్రున పొర్లడం) అన్నీ కొడుతుంది. పందేనికి సాక్ష్యం కావాలంటే ఆ వీడియో చూపించండి, లోపల మనిషి కూడా కనపడతాడు.

సారంగ్ వాళ్ళు షోలో ఫుల్ లూప్ కొట్టగా నేనైతే చూడలేదు. ముక్కు ఆకాశానికి పెట్టి నిట్టనిలువుగా లేచి, స్పీడు చచ్చిపోయాక పక్కకి తిరిగి దిగడం, ఎదురెదురుగా వచ్చి దాటుకోవడం, పొగతో ఆకాశంలో గుండె బొమ్మ గియ్యడం, ఇలాంటివి. చూసేవాళ్ళకి లూపు గొప్ప గానీ మాకు తెలిసి నాలుగు హెలికాప్టర్లు ఒకదానికొకటి అంటుకున్నట్టు ఎగరడమే కష్టం. ఒక్కో రోటర్ చుట్టుకొలత కాదు, అడ్డంగానే 13.2 మీటర్లు, దాని కింద గాలి తుఫానులా కొడుతుంటుంది, పక్కవాడు కాస్త కిందకి జారాడంటే ఆ గాలిలో పడి ఇంకా కిందకి పోతాడు. అందుకే పక్కన ఎగిరేవాడు ముందుకి చూడడండి, లీడర్ హెలికాప్టర్ మీద రెండు గుర్తులు పెట్టుకుని అవి ఒకే వరసలో కనపడేలా చూసుకుంటూ పోతాడు, కింద ఏ ఊరుందో కూడా తెలీదు.

కాకినాడ_కెమెరా:

పైన ఆయన చెప్పింది బంగారం. నేను ఫొటోల వైపు నుంచి చెప్తా, ఎందుకంటే అబ్బాయిని తీసుకెళ్తే ఎలాగూ ఫొటోలు తీస్తారు, తీసి నాలాగే ఏడుస్తారు.

విశాఖ ఆర్‌కే బీచ్‌లో మొదటిసారి నేవీ వాళ్ళ షో తీసినప్పుడు జెట్లకి పెట్టినట్టే షట్టర్ 1/2000 (సెకనులో రెండువేలో వంతు) పెట్టేశా. ఇంటికొచ్చి చూస్తే ఫొటోలన్నీ కత్తిలా ఉన్నాయి గానీ రెక్కలు కూడా కదలకుండా ఆగిపోయి, తీర్థంలో కొన్న ప్లాస్టిక్ బొమ్మని దారంతో వేలాడదీసినట్టున్నాయి, ఇంజిన్ ఆగిపోయి పడిపోతున్నట్టు. మా ఆవిడ "ఇది ఎగరట్లేదే" అంది, ఒక్క మాటలో తేల్చేసింది.

లెక్క చూస్తే, ధ్రువ్ పెద్ద రోటర్ నిమిషానికి 300 పైచిలుకు చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి ఐదు. 1/1000లో రెక్క కదిలేది రెండు డిగ్రీలు, ఆగినట్టే ఉంటుంది. 1/125కి వస్తే పదిహేను డిగ్రీల దాకా వస్తుంది, చక్కగా విసనకర్ర అంచులాగా పరుచుకుంటుంది. కానీ 1/125లో చెయ్యి వణికితే హెలికాప్టర్ కూడా పరుచుకుంటుంది, కాబట్టి దానితోపాటు నడుం తిప్పుతూ, ఊపిరి బిగబట్టి, ఒకేసారి పది పదిహేను కొట్టాలి, వాటిలో ఒకటి దక్కితే పండగే. మొదట 1/250తో మొదలెట్టి మెల్లగా దిగండి. ఫోన్లో అయితే ఫొటోలు వదిలేసి వీడియో తియ్యండి, ఇంకా మంచిది కాసేపు ఫోన్ జేబులో పెట్టేసి చూడండి. ఆ డప్పు చప్పుడు గుండెల మీద కొడుతుంది చూడండి, అది ఏ ఫోన్లోనూ రాదు.

విశాఖ గురించి ఇంకో మాట. అది నేవీ వాళ్ళ షో, సారంగ్ వస్తుందో లేదో ముందే కనుక్కోండి. నేవీ డే డిసెంబరు 4 అంటే ప్రతి ఏడూ మన ఆర్‌కే బీచే అనుకుని బస్సెక్కెయ్యకండి. ఇప్పుడు పెద్ద షో ఊర్లు మారుస్తున్నారు, 2023లో సింధుదుర్గ్, 2024లో పూరీ, 2025లో తిరువనంతపురం. పూరీలో అయిపోయాక విశాఖలో 2025 జనవరి 4న విడిగా పెట్టారు. తేదీ కన్ఫర్మ్ చేసుకుని వెళ్ళండి. అసలు రోజుకన్నా రిహార్సల్ రోజు బెస్టు, అదే షో, జనం సగం.

లంక_కుర్రోడు:

ఎయిర్‌మన్ గారూ మీకు వెయ్యి దండాలు. ఆ రెడ్‌బుల్ వీడియో చూపించానండి. మావయ్య రెండుసార్లు వెనక్కి తిప్పి చూశారు, కాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "ఇది తిరగబడి లేచింది రా, నేనన్నది తలకిందులుగా ఎగరడం, అంటే అలాగే ఉండి ఎగరాలి" అంటున్నారు. మాట మార్చేశారు! ఇప్పుడు పందెం మాటలు ఏంటి అన్నదాని మీద గొడవ. మీరు కూడా "అక్కడిదాకా మావయ్యగారే రైటు" అని రాశారు కదా, ఆ ఒక్క లైను మా అబ్బాయి నోరు జారి చదివి వినిపించాడు, ఇంక ఆయన్ని పట్టుకోలేకపోతున్నాం.

భీమారం_రొయ్యలు:

పందెం కాసినప్పుడు సాక్షి ఎవరు?

లంక_కుర్రోడు:

అమ్మమ్మ. ఆవిడకి కొడుకు ఒక పక్క, మనవడు ఒక పక్క.

పాత_పుస్తకాల_పిచ్చోడు:

చిన్న సవరణండి, గొడవకి కాదు. హింజ్‌లెస్ రోటర్ అయితేనే లూప్ కుదురుతుంది అన్నట్టు ఎవరైనా అర్థం చేసుకుంటారేమో అని. 1949లోనే అమెరికాలో సికోర్‌స్కీ ఎస్-52 లూపులు కొట్టేసింది, దానికి బందుల రోటరే. 1968లో సీహెచ్-53 అని పెద్ద ఏనుగు లాంటిది, ముప్పై నలభై మంది సైనికులు పట్టేది, దానితో కూడా టెస్టుల్లో లూపులూ రోల్సూ చేయించారు. కాబట్టి మావయ్యగారు ఓడిపోయి 75 ఏళ్ళు దాటింది, ఆయనకింకా కబురు అందలేదంతే.

మాజీ_ఎయిర్‌మన్:

పిచ్చోడు గారు చెప్పింది కరెక్టే, నేను అలా అర్థం వచ్చేలా రాసుంటే తప్పు నాదే. బందులున్నవాటితో కూడా కుదురుతుంది, హింజ్‌లెస్ అయితే కర్ర చేతిలో గట్టిగా ఉంటుంది, పైలట్‌కి ధీమా. మరీ సీసా బల్ల టైపువి మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

ఇంకోటి అడిగారు ప్రైవేటు మెసేజ్‌లో, ఆ పొగ ఏంటని. రంగు బాంబులేం కాదండి, ఎగ్జాస్ట్ వేడిలోకి నూనె సన్నగా పంపుతారు, ఆవిరై తెల్లగా వస్తుంది, తాలింపులో నూనె మరీ కాగితే వంటిల్లంతా కమ్ముకుంటుంది చూడండి, అదే.

జనం చప్పట్లు పైలట్లకి కొడతారు, కొట్టాలి కూడా, కానీ బీచ్‌లో షో అంటే కింద మాకు ఆ రాత్రి శివరాత్రే. సముద్రం ఉప్పు ఇంజిన్ లోపలికి పోతుంది, మంచినీళ్ళతో కడగాలి, బాడీ అంతా కడగాలి. నిచ్చెనేసుకుని పైకెక్కి రెక్క అంచు మీద వట్టి చేత్తో తడుముకుంటూ వెళ్ళేవాణ్ణి, సాయంత్రం పూట ఎగిరితే పురుగులన్నీ అంచుకి కొట్టుకుని ఎండిపోయి గరుకుగా ఉంటాయి, తడిగుడ్డ పెట్టి నాననిచ్చి తుడిస్తే కింద ఇసక కొట్టిన గీత ఏదైనా ఉంటే అప్పుడు తెలుస్తుంది. గీత కంటికంటే ముందు వేలికి దొరుకుతుంది. ఇప్పటికీ కత్తిపీట అంచు కనపడితే వేలు దానంతటదే వెళ్తుంది, మా కోడలు తిడుతుంది.

సారంగ్ గురించి క్లుప్తంగా, బెంగళూరులో ధ్రువ్‌ని పరీక్షించే బృందం నుంచి 2003లో పుట్టింది, బయట మొదటి షో 2004లో సింగపూర్‌లో, తర్వాత తమిళనాడులో కోయంబత్తూరు పక్కన సూలూరుకి మారింది. సారంగ్ అంటే నెమలి, హెలికాప్టర్ మీద బొమ్మ కూడా అదే. ఈ ఆటలో ఖరీదు కూడా ఉంది, 2007లో ఏరో ఇండియా (బెంగళూరులో జరిగే పెద్ద విమానాల షో) ముందు అక్కడి యలహంకలో ప్రాక్టీసులో ఒకటి కూలి కో-పైలట్ చనిపోయారు. 2025 జనవరిలో పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ ప్రమాదం తర్వాత దేశంలో ధ్రువ్‌లన్నిటినీ ఆపేశారు, ఆ ఫిబ్రవరి ఏరో ఇండియాలో సారంగ్ కనపడకపోవడానికి అదే కారణం.

సఖినేటిపల్లి_టీచర్:

షోకి తీసుకెళ్తానంటున్నారు కాబట్టి ఒక అమ్మగా చెప్తున్నా. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనాలో ఎయిర్‌షోకి మేము వెళ్ళాం, మా ఆడపడుచు వాళ్ళు అక్కడే ఉంటారు. షో అద్భుతం, సారంగ్ వాళ్ళు సముద్రం మీంచి వచ్చినప్పుడు మా పాప నా చెయ్యి గిల్లేసింది. కానీ మిట్టమధ్యాహ్నం షో, లక్షల్లో జనం, ఆ రోజు ఎండకి తట్టుకోలేక ఐదుగురు చనిపోయారు. మేము తీసుకెళ్ళిన రెండు లీటర్ల నీళ్ళు షో సగంలోనే అయిపోయాయి, అయిపోయాక బయటికి రావడానికే రెండున్నర గంటలు పట్టింది, పాప కళ్ళు తిరుగుతున్నాయంటే ఎవరో పెద్దాయన తన మజ్జిగ ప్యాకెట్ ఇచ్చేశారు, ఆయన పేరు కూడా అడగలేదు.

మనిషికి మూడు లీటర్లు, గొడుగు కాదు టోపీ (గొడుగు తెరిస్తే వెనకాలోళ్ళు తిడతారు), చెవుల్లో దూది, చొక్కా జేబులో ఫోన్ నంబరు రాసిన కాయితం. అందరితోపాటు లేచి పరిగెత్తకండి, గంట అక్కడే కూర్చోండి. కారులో అయితే ఎండు గడ్డి మీద పార్క్ చెయ్యకండి, 2019 ఏరో ఇండియాలో పార్కింగ్‌లో మంటలొచ్చి దాదాపు మూడొందల కార్లు కాలిపోయాయి, తగలబడింది పైన విమానం కాదు, కింద కార్లు.

మా వారు అడిగారు, మన మీదకి వస్తే ఎలా అని. ఎగిరేవాళ్ళు మామూలుగా జనానికి అడ్డంగానే పోతారు, మన వైపుకి గురిపెట్టి రారు. 1988లో జర్మనీ రామ్‌స్టైన్‌లో మూడు జెట్లు ఢీకొని ఒకటి జనం మీద పడి 70 మంది పోయారు, ఆ తర్వాత చాలా దేశాల్లో రూల్సు బిగించారు.

లంక_కుర్రోడు:

టీచర్ గారూ ఆ నీళ్ళ సంగతి గుర్తుపెట్టుకుంటానండి. విశాఖలో రిహార్సల్ రోజుకే వెళ్దామని డిసైడయ్యాం, రాజమండ్రిలో పొద్దున్నే రైలెక్కేస్తాం, సాయంత్రం షో కాబట్టి ఎండ గొడవ కూడా తక్కువ.

పందెం అప్‌డేట్. రాత్రి అమ్మమ్మ ముందు పంచాయితీ పెట్టాం. మావయ్య ఆవిడకి కూడా సీలింగ్ ఫ్యాను కథంతా చెప్పారు, నేను చెంబులో నీళ్ళు పోసి తిప్పి చూపించా (ఒకసారి చెయ్యి జారి గోడ తడిసింది, అది లెక్కలోకి రాదు). ఆవిడ అంతా విని, "86 వరదల్లో లంకలో ఇంటికప్పు మీద రెండ్రోజులున్నాం, హెలికాప్టర్ వచ్చి మా నెత్తిమీద కదలకుండా నిలబడి పొట్లాలు వేసింది, ఆ గాలికి తాటాకులు లేచిపోయాయి గానీ అది మాత్రం బెత్తెడు జరగలేదు, వీళ్ళు తిరగబడితే ఎంత, పడుకుంటే ఎంత" అంది. తీర్పు చెప్పమంటే పందెం రోజు తను వంకాయలు తరుగుతుందట, సరిగ్గా ఏమన్నారో వినలేదట.

మాజీ_ఎయిర్‌మన్:

అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పండి. కదలకుండా నిలబెట్టడం ఎంత కష్టమో ఆవిడ కప్పు మీంచి చూసే చెప్పారు. సారంగ్ హెలికాప్టర్లు కూడా షోలకే కాదండి, 2013 ఉత్తరాఖండ్ వరదలప్పుడు ఆ పనికి వెళ్ళాయి.

లంక_కుర్రోడు:

చెప్తానండి.

ఆఖరికి మావయ్యా నేనూ రాజీకొచ్చాం. సగం ఆయన గెలిచారు, సగం నేను గెలిచా, పులస ఖర్చు చెరి సగం. యానాం వెళ్ళి ఆయనే తెస్తానన్నారు. మా అబ్బాయి ఇప్పట్నుంచే అనుమానం పడుతున్నాడు, పులసని చెప్పి ఒడిశా నుంచొచ్చే ఐసు పెట్టిన ఇలసని తెచ్చేస్తారని. తేడా ఎలా కనిపెట్టాలో ఎవరికైనా తెలిస్తే ఇంకో టాపిక్ తెరుస్తా.

భీమారం_రొయ్యలు:

తెరవండి, దానికి నేను చెప్తా. ముందు తారీఖు చెప్పండి.